అరవై మూడు ముక్కలు

ఆ ఎండాకాలమంతా మా కుట్టుమిషన్లు రెండూ పోలీస్ స్టేషన్లోనే ఉన్నాయి. మిషన్లతో పాటు కత్తెరలు, ఇస్త్రీపెట్టె, కొలతల పుస్తకం, కుట్టినవీ కుట్టాల్సినవీ కలిపి పేటవాళ్ళు మాకిచ్చిన బట్టలు, ఆఖరికి నా మంచం కింద ఉండే రేకుపెట్టె కూడా. బళ్ళు తెరవబోయే ముందు మాకు ఊపిరి సలపనంత పనుండే రోజులవి. అలాంటి రోజుల్లో మా ఆయన ఖాళీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతూ కూర్చున్నాడు. "మీ బట్టలెక్కడికీ పోవండీ. కోర్టు ఇప్పిస్తుంది."

ఆ మాట వింటే అందరికీ ప్రాణం లేచొచ్చేది. నాకు మాత్రం ఉన్న ప్రాణం పోయేది.

అసలు జరిగింది చెబుతాను. ఒక కాంట్రాక్టరు రెండు తానుల ముదురునీలం గుడ్డ తెచ్చి, కాపలావాళ్ళ కోసం నలభై జతలు కుట్టమన్నాడు. అది ఎవరిదో గోదాము పగలగొట్టి తెచ్చిన సరుకని మాకేం తెలుసు? వారం తిరక్కుండా పోలీసులు వచ్చారు. దొంగగుడ్డ ఏదో దొరగుడ్డ ఏదో తేల్చే ఓపిక వాళ్ళకి లేదు. కొట్టునీ, కొట్టు వెనకున్న మా రెండు గదుల్నీ ఊడ్చిపెట్టినట్టు ఖాళీ చేసి, జాబితా రాసుకుని వ్యానెక్కించారు. మా ఆయన్ని ఒక పూటంతా కూర్చోబెట్టి అడిగారు. ఆయనకేమీ తెలియదని వాళ్ళకే అర్థమై, సాక్షిగా రాసుకుని ఇంటికి పంపేశారు. మనిషిని వదిలినంత తేలిగ్గా వస్తువుల్ని వదలరట. కేసు తేలేదాకా అవి వాళ్ళ దగ్గరే ఉండాలట, ముందే కావాలంటే కోర్టుకెళ్ళి అడుక్కోవాలట.

"మనిషేమో సాక్షి, మిషనేమో ముద్దాయి. బాగుందిరా నాయనా న్యాయం!" అంది మా అత్తయ్య.

మా ఆయన్ని పేటలో అందరూ ముక్కల మాస్టారనేవాళ్ళు. అప్పట్లో అది ఎగతాళి కాదు. చొక్కా కుట్టగా జానెడు గుడ్డ మిగిలినా దాన్ని ఇస్త్రీ చేసి, మడిచి, ఆ చొక్కా జేబులోనే పెట్టి ఇచ్చేవాడు. వేలెడు పీలిక మిగిలినా అంతే. "గుడ్డ వాళ్ళది, కుట్టు ఒక్కటే మనది," అనేవాడు. వేరే టైలరు మూడు మీటర్లు కావాలనే జతని ఈయన రెండుముప్పావులో తీసేవాడు. సుద్దముక్క పట్టుకుని, గీత గీసే ముందు గుడ్డవంక చాలాసేపు ఊరికే చూసేవాడు. మా అత్తయ్యకి కొడుకంటే ఆకాశమంత ఎత్తు. పక్కింటావిడ దొరికితే చాలు, "కన్నతల్లి గుడ్డయినా సరే, మావాడు దారప్పోగు ఉంచుకోడమ్మా," అని మొదలెట్టేది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటిదొంగని నేను.

మా ఇంట్లో పనుల పంపకం పెళ్ళయిన కొత్తలోనే జరిగిపోయింది. కోత ఆయనది. కాజాలు, గుండీలు, అంచులు నావి. వచ్చినవాళ్ళతో మాట్లాడి ఎంత గుడ్డ తేవాలో చెప్పేదీ, తెచ్చింది తీసుకునేదీ నేనే. కొత్తగుడ్డని కోసే ముందు ఒక పూట నీళ్ళలో నానేసి నీడన ఆరబెట్టాలి, లేకపోతే కుట్టాక మొదటి ఉతుక్కే కుదించుకుపోతుంది. ఆ పనీ నాదే. ఆరిన గుడ్డ నా చేతుల్లోంచి ఆయన బల్లమీదికి వెళ్ళేలోపు ఒక చివరనుంచి జానెడో, పావుమీటరో తీసేసేదాన్ని. ఊరికే కత్తెర వేసేదాన్ని కాదు, ఇంట్లో తువ్వాళ్ళు కోసేటప్పుడు చేసినట్టే ముందు అడ్డంగా ఒక పోగు లాగి, ఆ గాడి వెంట కోసేదాన్ని. అంచు గీత గీసినట్టు వచ్చేది. తడిగుడ్డతో గొంతు కోయడమని మీరు మాటవరసకి వినుంటారు. నేను పన్నెండేళ్ళు చేశాను.

ఆయన టేపు పెట్టి చూసి, "ఈ మధ్య మిల్లులవాళ్ళు మరీ అన్యాయం చేస్తున్నారు. ఇంతిలా ముడుచుకుపోతే ఎలా చచ్చేది?" అని నిట్టూర్చేవాడు. మళ్ళీ సుద్ద పట్టుకుని, ఆ తగ్గిన గుడ్డలోనే కాలరు అటు తిప్పి, జేబు ఇటు తిప్పి ఎలాగో సర్దేవాడు. అలా సర్దగా మిగిలిన పీలికని మళ్ళీ జేబులో పెట్టి ఇచ్చేవాడు. ఆయన పనితనానికి అంత పదును రావడంలో నా చేతివాటానికీ వాటా ఉంది.

ఎందుకు చేశావంటారేమో. నాకు కోత నేర్చుకోవాలని ఉండేది. అడిగితే, "ఒకళ్ళ గుడ్డ మీదా నేర్చుకునేది? చెడితే ఎవరిస్తారు?" అన్నాడు. మాట సబబైందే. దాంతో నేనే ముక్కలు పోగేసుకుని, మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు వెనక గదిలో చంటిపిల్లల గౌన్లు కోసి చేత్తో కుట్టేదాన్ని. ఐదు గౌన్లు కుట్టాను. ఇక్కడికి ఆపేస్తే మీరు అయ్యో పాపం అంటారు. కానీ నేర్చుకోవడానికి పది ముక్కలు చాలు. నేను పెట్టె నిండేదాకా కోశాను. చెయ్యి అలవాటు పడింది, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఆ పెట్టెలో నా పాతబట్టలున్నాయని ఆయనకి చెప్పి ఉంచాను. పోలీసులు ఎత్తుకెళుతుంటే, "అది మా ఆవిడ పాతబట్టల పెట్టె సార్, అదెందుకు మీకు?" అని మా ఆయన అడ్డం కూడా పడ్డాడు. వాళ్ళు మూత తీసి, పైన కప్పిన దుప్పటి చూసి, 'రేకుపెట్టె ఒకటి, అందులో బట్టలు' అని రాసుకుని మూసేశారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు.

లాయరుగారి గది ఒక పాత మేడ మీద, ఫైళ్ళ మధ్య ఇరుక్కున్నట్టు ఉండేది. ఆయన మా ఇద్దర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు.

"ఏ వస్తువు ఎవరిదో ఒక్కొక్కటీ రాయాలి మాస్టారూ. రాసిందంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఒక్కటి అబద్ధమని తేలినా మిగతావాటి మీద కూడా అనుమానం వస్తుంది. తొందరేం లేదు, బాగా ఆలోచించుకుని చెప్పండి."

కొలతల పుస్తకం స్టేషన్లో ఉంది. మా ఆయన కళ్ళు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. పోస్టాఫీసాయన బూడిదరంగు ప్యాంట్లు రెండు, టీచరమ్మగారి పాప స్కూలు గౌన్లు మూడు, బేకరీ వాళ్ళబ్బాయి కోటు, దానికి ఇంకా లైనింగు పడలేదు. లాయరుగారి చెయ్యి నొప్పెట్టింది గానీ ఈయన జ్ఞాపకం తడుముకోలేదు. చివరికి పెట్టె వచ్చింది.

"అది మా ఆవిడదండీ. పాతబట్టలు."

లాయరుగారు నావంక చూశాడు. "అంతేనా అమ్మా?"

"అంతేనండీ," అన్నాను.

మా ఆయన సంతకం పెట్టాడు. మెట్లు దిగుతున్నప్పుడు చెప్పొచ్చు, చెప్పలేదు. బస్సు కోసం అరగంట నిలబడ్డాం, అప్పుడూ చెప్పలేదు. స్టేషన్లో సామాను పెట్టిన గది కురుస్తుందని ఎవరో అన్నారు. వాన త్వరగా వచ్చి ఆ నీళ్ళు నా పెట్టెలోకి దిగితే బాగుండుననుకున్నాను. పేటవాళ్ళ బట్టలన్నీ అదే గదిలో ఉన్నాయన్న సంగతి గుర్తొచ్చాక కూడా అలాగే అనుకున్నాను.

కోర్టులో మా వంతు ఐదు నిమిషాల్లో అయిపోయింది. జడ్జిగారు కాగితాలు తిరగేసి, దొంగిలించిన తానులు తప్ప మిగతావి తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. కుట్టుకుని బతికేవాడి మిషను స్టేషన్లో తుప్పు పడితే కేసుకేమీ లాభం లేదన్నాడు. అన్నిటికీ ఫొటోలు తీయాలి, ప్రతి వస్తువునీ విప్పి, జాబితాతో సరిచూసి, సంతకం తీసుకుని అప్పగించాలి, ఇదీ ఉత్తర్వు. నేను 'విప్పి' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా ఆయన బయటికొచ్చి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశావా? ఉన్నదున్నట్టు రాసిస్తే ఎంత తేలిగ్గా అయిపోయిందో!"

"అవునండీ," అన్నాను.

సామాను ఇచ్చే రోజుకి మొదటి వాన పడి వెలిసింది. స్టేషన్ ఆవరణలో గచ్చు ఇంకా తడిగానే ఉంది. వరండాలో బల్ల వేసుకుని, రాతపని చూసే పోలీసాయన కూర్చున్నాడు. మనిషి నిదానస్తుడు, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉండేది. పేటవాళ్ళు పాతికమంది దాకా వచ్చారు, టీచరమ్మగారు గొడుగుతో ముందు నిలబడింది. మిషన్లు వచ్చాయి. ఒకదాని చక్రం తుప్పు పట్టింది, మా ఆయన దాన్ని పసిపిల్లని నిమిరినట్టు నిమిరాడు. బట్టలు ఒక్కొక్కటే వచ్చాయి, ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. "మాస్టారి జ్ఞాపకానికి దిష్టి తియ్యాలి," అని నవ్వుకున్నారు. జాబితాలో ఇక పెట్టె ఒక్కటే మిగిలింది.

"భార్య పాతబట్టలు," అని చదివి పోలీసాయన మూత తీశాడు. దుప్పటి పక్కన పెట్టాడు. కళ్ళజోడు పైకి తోసుకుని లోపలికి చూశాడు.

"ఇవి పాతబట్టలా మాస్టారూ? మడత కూడా నలగలేదు."

ఏదో పెట్టె మారి ఉంటుందన్న ధీమాతో మా ఆయన నవ్వుతూ ముందుకొచ్చాడు. పైనున్న ముక్క చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య రాసి చూశాడు. నవ్వు వెంటనే పోలేదు, కాసేపు మొహం మీదే ఉండిపోయింది.

టీచరమ్మగారు మెడ చాచింది. "అది మా ఆయన ఆకుపచ్చ గళ్ళ చొక్కాది కదండీ? గుడ్డ చాల్లేదని పొట్టిచేతులు పెట్టారే!"

ఆయన ఆ ముక్కని తిప్పి అంచు చూశాడు. పోగు లాగి కోసిన అంచు. మా ఇంట్లో అలా కోసేది ఎవరో ఆయనకి తెలుసు, ఆయనకి ఆ ఓపిక లేదని నాకూ తెలుసు. నావైపు తిరుగుతాడని గోడకి ఆనుకున్నాను. తిరగలేదు.

"అవునండీ. మీదే," అన్నాడు.

"మరి మిగతావి?" అన్నాడు పోలీసాయన.

"అవీ వీళ్ళవే. నేనే ఉంచుకున్నాను. కాగితంలో తప్పు రాశాను."

పోలీసాయన కలం కింద పెట్టాడు. "కోర్టుకా తప్పు రాసింది?"

"అవును సార్. అది కూడా రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ముందు ఎవరివి వాళ్ళకి ఇప్పించండి."

"ఏ ముక్క ఎవరిదో చెప్పగలరా?"

"చెప్పగలను."

చెప్పాడు. ముక్క తీసి, తడిమి, పేరు చెప్పి, బల్ల మీద పెట్టేవాడు. "పోస్టాఫీసాయనది, నిరుటి చలికాలం. ఇది బేకరీవాళ్ళ పెద్దమ్మాయిది. ఇది డ్రైవరుగారిది, పాపం ప్యాంటు పొట్టయిందని రెండుసార్లు వచ్చాడు." మొదట జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. పదో ముక్క దగ్గర ఎవరో, "ముక్కల మాస్టారని ఊరికే అనలేదర్రా!" అన్నారు. నవ్వులు లేచాయి. అరవై మూడు ముక్కలు. పోలీసాయన లెక్కపెట్టి రాసుకున్నాడు. ఒక్కదాని దగ్గర కూడా ఆయన తడబడలేదు. దాచుకున్నవాడికి కాకపోతే ఇంత బాగా ఎవరికి గుర్తుంటాయని అందరూ అనుకున్నారు. గుడ్డని ప్రేమించేవాడికి గుర్తుంటాయని చెప్పాల్సినదాన్ని నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను.

అడుగున గౌన్లు తేలాయి. పోలీసాయన ఒకటి ఎత్తి పట్టుకున్నాడు. "ఇవెవరివి?"

మా ఆయన దాన్ని తీసుకుని తిరగేశాడు. చంక దగ్గర కుట్టు మీద వేలు పెట్టి కొంచెంసేపు చూశాడు.

"ఇవి మా ఆవిడవి," అన్నాడు.

అలా నా పరువు నిలబెట్టాడు. పెట్టె విప్పినప్పుడు కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు. నోరు తెరిచి 'అన్నీ నావే' అనడానికి ఆయన నాకు గంటసేపు వ్యవధి ఇచ్చాడు. నేను ఆ గంటా గచ్చు మీద నీటి మడుగులు చూస్తూ గడిపాను.

తర్వాత జడ్జిగారు ఆయన్ని మళ్ళీ పిలిపించి, అందరి ముందూ చీవాట్లు పెట్టి, ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోనని హెచ్చరించి వదిలేశాడు. మా ఆయన చేతులు కట్టుకుని అన్నిటికీ చిత్తం అన్నాడట. ఆ రోజు నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని పడుకున్నాను.

మిషన్లయితే ఇంటికొచ్చాయి గానీ గుడ్డలు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు కూడా బల్ల పక్కనే నిలబడి, తమ కళ్ళముందు కొలిపించుకుని, కోయించుకుని వెళ్ళేవాళ్ళు. కొందరు ఇంట్లోనే తడిపి, ఆరేసి, చేత్తో పట్టుకొచ్చేవాళ్ళు. పెద్ద పండితుడికి అక్షరాలు దిద్దించినట్టు, ఆయనకి టేపు ఎలా పట్టాలో చెప్పేవాళ్ళు. "అలాగేనండీ," అనేవాడు.

మా అత్తయ్య వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక ఊరుకోలేదు. "మీ నాన్న పస్తులున్నాడు గానీ పరాయివాడి పోగు ముట్టుకోలేదురా. నలుగురిలో ఎలా తిరగమంటావురా నన్ను?" ఆయన మిషను తొక్కుతూనే ఉండేవాడు. పక్క గదిలో నేను కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. నా మీద పడాల్సిన ప్రతి మాటా ఆయన వీపు మీద పడుతుంటే సూది వేలికి గుచ్చుకునేది, అంతకంటే నాకేమీ కాలేదు.

నాతో ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. అన్నం బాగుందనేవాడు, వాన వచ్చేలా ఉంది బట్టలు తియ్యమనేవాడు. పెట్టె ఊసు మాత్రం ఎత్తలేదు. ఒక్కటే మారింది. గుడ్డ తడపడం ఆయనే చేసుకోసాగాడు. పొద్దున్నే బకెట్టు ముందు గొంతుక్కూర్చుని తడుపుతుంటే, "ఇటివ్వండి, నేను చేస్తాను," అనడానికి నాకు నోరు రాలేదు.

నెలన్నర గడిచింది. ఇక నా వల్ల కాలేదు. ఒక ఆదివారం పొద్దున టీచరమ్మగారింటికి వెళ్ళి, గుమ్మంలోనే చెప్పేశాను.

"టీచరుగారూ, ఆ ముక్కలు మా ఆయన తియ్యలేదండీ. నేనే తీశాను. ఆయనకి తెలియను కూడా తెలియదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఎంత మంచిదానివమ్మా! మొగుడి తప్పు నెత్తినేసుకోవడానికి ఇంత దూరం నడిచొచ్చావా?"

"కాదండీ, నిజంగానే నేను..."

"ఊరుకో తల్లీ. నేను చూడలేదూ? ఒక్కొక్క ముక్కకీ పేరు పెట్టి పిలిచాడు. తియ్యనివాడికి తెలుస్తాయా అవి? వెళ్ళి ఆయనతో చెప్పు, వచ్చే నెల పాప గౌన్లు మళ్ళీ మీకే ఇస్తానని. నీ మొహం చూసి ఇస్తున్నానని చెప్పు."

మంచినీళ్ళిచ్చింది. తాగాను. తాగకుండా లేచి రావాల్సింది, కానీ ఆ మెచ్చుకోలు చల్లగానే ఉంది, అబద్ధమెందుకు. పోస్టాఫీసాయన ఇంట్లోనూ అదే జరిగింది. డ్రైవరు భార్య అయితే తన మొగుడికి నన్ను చూపించి, "చూడు, ఆడదంటే అలా ఉండాలి," అంది. నాలుగిళ్ళు తిరిగాను. వెళ్ళేటప్పుడు దొంగని, ఇంటికొచ్చేసరికి పతివ్రతనయ్యాను.

కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. మా అత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నా తల నిమిరింది. "వాడు చేసుకున్న అదృష్టానివే నువ్వు," అంది. "అత్తయ్యా, నేను చెప్పింది నిజం," అన్నాను. "తెలుసు లేమ్మా," అని కళ్ళొత్తుకుని, వంటింట్లోకి వెళ్ళి అన్నం వడ్డించుకొచ్చింది. కొడుక్కంటే ముందు నాకు.

తిన్నాక కొట్లోకి వెళ్ళాను. ఆయన ఒక నిక్కరుకి నడుంపట్టీ వేస్తున్నాడు.

"టీచరమ్మగారింటికి వెళ్ళావట."

"వెళ్ళాను."

"ఇంకా ఎవరెవరిళ్ళకి?"

చెప్పాను.

"ఏమని చెప్పావు?"

"జరిగింది జరిగినట్టు చెప్పానండీ."

"నమ్మారా?"

"లేదు."

ఆయన దారం తెంపి, నిక్కరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పేటంతా తిరిగి చెప్పొచ్చావు. నాకింకా చెప్పలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అడగడం లేదు కదా, వదిలేశాడనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను వచ్చి చెబుతానని నెలన్నరగా చూస్తూ కూర్చున్నాడాయన. ఎవరికి చెప్పినా నాకు పొగడ్తలే వస్తాయి. నా మాట నమ్మే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడికీ చెప్పకుండా ఊరంతా తిరిగొచ్చాను.

బల్ల పక్కన పీట లాక్కుని కూర్చున్నాను. మొదటి ముక్క ఎవరి గుడ్డలోంచి తీశానో, ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో, ఆయన టేపు పెట్టి చూస్తుంటే నేనేం చేశానో, అక్కడినుంచి మొదలుపెట్టాను. ఆయన మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాను. నేను ఆగిన చోటల్లా ఆయన, "ఊఁ, తర్వాత?" అన్నాడు. తర్వాతది చెప్పాను.